సందేహాలు – సమాధానాలు: కొండల్లో కార్చిచ్చు, చెట్ల కొసల మీద విమానం

2024 ఏప్రిల్‌లో నైనీతాల్ పరిసరాల అడవులు తగలబడినప్పుడు వాయుసేన ఎం.ఐ.-17 హెలికాప్టర్ భీమ్‌తాల్ సరస్సులో బకెట్టు ముంచి, ఆ నీటిని మంటల మీద కుమ్మరించిన తీరును గత సంచికలో ఈ శీర్షిక కింద క్లుప్తంగా వివరించాము. దాని మీద గోదావరి డెల్టా నుంచి, అందులోనూ కోనసీమ నుంచి, చాలా ఉత్తరాలు వచ్చాయి. కనుచూపు మేరలో కొండ అన్నదే లేని లంక గ్రామాల వారు కూడా ఇంత శ్రద్ధగా అడగడం మాకు సంతోషం కలిగించింది. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపివేసి, కొండల నడుమ తక్కువ ఎత్తున ఎగరడంలో ఉన్న ప్రమాదాలకు సంబంధించిన వాటిని మాత్రమే ఈసారి తీసుకుంటున్నాము.

ప్రశ్న: అంత ప్రమాదమని తెలిసి కూడా విమానాలు చెట్లకు తగులుతాయేమో అన్నంత కిందికి ఎందుకు దిగాలి? వెయ్యి అడుగుల పైనుంచే నీరు వదిలితే వానగా కురవదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రావులపాలెం

వానగానే కురుస్తుంది మాస్టారూ, చిక్కంతా అక్కడే ఉంది. అడవి మంట చల్లారాలంటే, లేదా మంట ముందుకు పాకకుండా గీత గీసినట్టు ఒక అడ్డుపట్టీ ఏర్పడాలంటే, నీరు గానీ మందు కలిపిన ద్రవం గానీ ఒక ఇరుకైన పట్టీ మీద ఒత్తుగా పడాలి. వెయ్యి అడుగుల నుంచి వదిలిన నీరు గాలి తాకిడికి తుంపరలుగా చెదిరిపోతుంది. అందులో కొంత మంట వేడికే ఆవిరైపోతుంది, మిగిలినది గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి కాలని చోట పడుతుంది. అందుకే అమెరికాలో పాటించే ప్రమాణాల ప్రకారం ఒంటి ఇంజిను చిన్న విమానం చెట్ల కొసలకు 60 అడుగుల పైన, సి-130 తరహా పెద్ద విమానం 150 అడుగుల పైన, డి.సి.-10 వంటి భారీ జెట్ విమానం 250 అడుగుల పైన ఉండగా ద్రవాన్ని వదలాలి. అంతకంటే పైకి పోతే ద్రవం వృథా అవుతుంది. అంతకంటే కిందికి దిగితే విమానానికే కాక కింద పనిచేస్తున్న మనుషులకు కూడా ముప్పు, ఆ సంగతి మరో ప్రశ్నకు జవాబులో చెబుతాము.

ఈ ఎత్తుల అర్థం లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. సి-130 ద్రవం వదిలే వేళ గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 64 మీటర్ల చొప్పున పోతూ ఉంటుంది. 150 అడుగులంటే 46 మీటర్లు. నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున కిందికి లాగే గాలి తగిలితే, ప్రయాణికుల విమానం ముప్పై వేల అడుగుల ఎత్తున ఉంటుంది కనుక అందులోని వారికి అది కాసేపు కుదుపుగా మాత్రమే తెలుస్తుంది. ఇక్కడ మాత్రం నేలను తాకడానికి తొమ్మిది సెకన్లు చాలు. అదీ నేల సమంగా ఉంటేనే. ఎదురుగా పదికి ఒకటి చొప్పున లేచే వాలు ఉందనుకుంటే, విమానం ముందుకు పోయే ప్రతి సెకనుకూ నేల ఆరు మీటర్లకు పైగా పైకి లేచి వస్తుంది. ఆ వాలుకు సమానంగా ఎక్కాలంటే నిమిషానికి 1,250 అడుగుల పైచిలుకు లేవాలి, నిండు బరువుతో ఎండవేళ అంత లేవడం చాలా విమానాల శక్తికి మించిన పని. కాబట్టే ఈ వృత్తిలో ఉన్నవారు లోయలోకి ఎగువ వైపు నుంచి ప్రవేశించి దిగువకు పోతూ ద్రవం వదులుతారు, ద్రవం సరిగ్గా బయటికి పోకపోయినా, ఒక ఇంజిను ఆగిపోయినా బయటపడే దారి పల్లం వైపే ఉండేలా ముందే చూసుకుంటారు. కింది నుంచి పైకి, ఇరుకైన లోయ మొన వైపు ఎగరడం ఈ పనిలో దాదాపు నిషిద్ధం.

ప్రశ్న: మంటను చూసి భయపడాలి గాని, గాలిని చూసి పైలట్లు భయపడతారని మీరు రాశారు. కొండల్లో గాలి అంత ప్రత్యేకంగా ఏమి చేస్తుంది?
— బి.ఎస్‌సి. విద్యార్థిని, అమలాపురం

అమ్మాయీ, ఈ పనిలో మంట వేడికి విమానం కాలిపోయి కూలిన సందర్భాలు వెతికినా అరుదుగానే దొరుకుతాయి. కూలిన వాటిలో ఎక్కువ భాగం నేలకు గానీ చెట్టుకు గానీ తగిలినవి, గాలి కుదేసినవి, లేదా రెక్క విరిగినవి.

వరద రోజుల్లో రాజమహేంద్రవరం వంతెన మీద నుంచి కిందికి చూసి ఉంటే, స్తంభాలకు ఎగువన నీరు నున్నగా వచ్చి, దిగువన మాత్రం సుడులు తిరుగుతూ గుంటలు పడుతూ పోవడం నీవు గమనించి ఉంటావు. బలమైన గాలి కొండ వరుసను దాటేటప్పుడు జరిగేది అదే, అయితే గాలిలోని సుడి కంటికి కనబడదు. గాలి తగిలే వైపున విమానాన్ని పైకి ఎత్తే ప్రవాహం ఉంటుంది. శిఖరం దాటిన మరుక్షణం ఆవలి వాలులో అదే గాలి కిందికి దూకుతుంది. దీనికి మంట తనదైన వాతావరణాన్ని జోడిస్తుంది. మంట నడిమిన వేడిగాలి నిలువునా పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి చుట్టుపక్కల గాలి కిందికి దిగి లోపలికి పరుగెడుతుంది. అంటే విమానం కొన్ని సెకన్ల వ్యవధిలో దిగే గాలిని, లేచే గాలిని, మళ్లీ దిగే గాలిని దాటవలసి ఉంటుంది. పగటిపూట ఎండకు వేడెక్కిన వాలు మీదుగా గాలి పైకి పాకుతుంది, పొద్దువాలాక చల్లబడి లోయలోకి జారుతుంది, ఆ మార్పు జరిగే సాయంకాలపు గంటల్లో మంట దిశ కూడా తారుమారవుతుంది. పొగ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున లోయలో చల్లగాలి పొర కింద చిక్కుకున్న పొగ, పొద్దెక్కే దాకా కదలదు; 2016లో ఉత్తరాఖండ్‌లో హెలికాప్టర్ల పనికి పొగే పెద్ద ఆటంకమైంది.

అన్నిటికన్నా దారుణమైనది మేఘం కింది నుంచి ఒక్కసారిగా కుప్పకూలే గాలి. మే నెల సాయంత్రాల్లో వాన చుక్క పడకముందే మన తోటల్లో కొబ్బరి మొవ్వులు విరిచే ఈదురుగాలికి మూలం కూడా అటువంటిదే. 2012 జులై 1న అమెరికాలోని దక్షిణ డకోటాలో, వైట్ డ్రా అనే చోట రేగిన కార్చిచ్చు మీద పనిచేస్తున్న సైనిక సి-130 విమానాన్ని ఉరుముల మేఘం నుంచి దిగిన అటువంటి గాలే నేలకు కొట్టింది. దానికి ముందుగా దారి చూపుతూ పోయిన చిన్న విమానం కూడా అదే గాలిలో చిక్కి, నేలకు కొద్ది అడుగుల దూరం దాకా దిగిపోయి ఎలాగో బయటపడింది. వెనుక వస్తున్న పెద్ద విమానపు సిబ్బంది బరువు తగ్గించుకోవడానికి ఉన్న ద్రవాన్నంతా వదిలేసినా ప్రయోజనం లేకపోయింది. ఆరుగురిలో నలుగురు మరణించారు.

ఇందులో గుర్తుంచుకోవలసిన భౌతిక సూత్రం ఒకటుంది. విమానాన్ని నిలబెట్టేది నేల మీద దాని వేగం కాదు, గాలితో పోల్చినప్పటి వేగం. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి రెండు మూడు సెకన్లలో అంతే బలమైన వెనుకగాలిగా మారిందంటే, ఇంజిన్లు ఎంత పనిచేస్తున్నా రెక్కల మీది నుంచి పోయే గాలి వేగం 80 కిలోమీటర్లు పడిపోతుంది. 230లో 80 పోతే మిగిలే వేగం అంత బరువైన విమానాన్ని మోయలేదు. ఎత్తున ఉంటే ముక్కు దించి వేగం పుంజుకోవచ్చు. 46 మీటర్ల ఎత్తున ముక్కు దించడానికి చోటేదీ?

ప్రశ్న: ఎం.ఐ.-17 ఎంతో శక్తిగల యంత్రమని చదివాను. మూడు టన్నుల నీటి బకెట్టు ఎత్తడానికి కొండ మీద అది ఎందుకు కష్టపడాలి?
— పడవ ఇంజిన్ల మెకానిక్, ముమ్మిడివరం

ఇంజిన్లతో పనిచేసేవారు కనుక మీకు ఇది సులభంగానే బోధపడుతుంది. ఇంజిను మండించుకునేదీ గాలే, రెక్కలు తోసేదీ గాలే. ఆ గాలి పలచబడితే రెండు వైపులా నష్టం. మూడు వేల మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్న దానిలో నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువ ఉంటుంది. వేడి కూడా గాలిని పలచన చేస్తుంది. వెయ్యి మీటర్ల కొండ మీద ఉష్ణోగ్రత 38 డిగ్రీలుంటే, హెలికాప్టర్‌కు అది రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తుతో సమానమని పైలట్లు వేసుకునే మామూలు లెక్క చెబుతుంది. మంట పక్కన గాలి ఇంకా వేడిగా ఉంటుంది కనుక ఆ లెక్క కూడా తక్కువే. పైగా నేలకు దగ్గరగా నిలిచినప్పుడు రెక్కల కింది గాలి నేలకు తగిలి కొంత ఆసరా ఇస్తుంది. పొడవైన తాడుకు బకెట్టు వేలాడదీసి చెట్లకు పైన గాల్లో నిలిచినప్పుడు ఆ ఆసరా ఉండదు. అందుకే కొండల్లో బకెట్టు నిండుగా ముంచరు, ఇంధనం కూడా చాలినంతే పోసుకుంటారు.

బరువు లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. 2008 ఆగస్టు 5న ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో, సుమారు ఆరు వేల అడుగుల ఎత్తున, మంటలార్పే సిబ్బందిని వెనక్కి తీసుకువస్తున్న ఎస్-61 హెలికాప్టర్ నేల విడిచిన కొద్ది క్షణాలకే చెట్లకు తగిలి కూలింది. పదమూడు మందిలో తొమ్మిది మంది పోయారు. హెలికాప్టర్ ఖాళీ బరువును కావాలనే తక్కువ చేసి చూపారని, దాని సామర్థ్యపు పట్టికను మార్చారని అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది. పైలట్లు తమకు ఇచ్చిన కాగితాన్ని నమ్మి లెక్క వేసుకున్నారు. సముద్రమట్టంలో, చల్లని పూట, అదే అబద్ధం బయటపడకుండా చాలాకాలం నడిచిపోయి ఉండేదేమో. ఎత్తు, ఎండ రెండూ కలిసిన చోట దానికి నిమిషం కూడా గడువు దొరకలేదు.

ప్రశ్న: మంటలార్పే విమానం రెక్కలు గాల్లోనే విరిగిపోవడం ఎప్పుడో టీవీలో చూసిన గుర్తు. అది నిజమేనా?
— కిరాణా వర్తకుడు, తణుకు

నిజమే. 2002 జూన్ 17న కాలిఫోర్నియాలోని వాకర్ పట్టణం దగ్గర, 1957 నాటి సి-130ఎ విమానం ద్రవం వదులుతుండగా దాని రెక్కలు రెండూ పైకి ముడుచుకుపోయి ఊడిపోయాయి. ఆ దృశ్యం కెమెరాకు చిక్కడంతో ప్రపంచమంతా చూసింది. నెల తిరిగేసరికి, జులై 18న, కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ దగ్గర రెండో ప్రపంచయుద్ధం నాటి ప్రైవటీర్ విమానం రెక్క ఊడి కూలింది. రెండింటిలో కలిపి ఐదుగురు చనిపోయారు. లోహం అలసి ఏర్పడిన పగుళ్లే కారణమని దర్యాప్తు తేల్చింది.

ఇక్కడ వయసు ఒక్కటే దోషి కాదు. సరకు మోయడానికి తయారైన విమానాన్ని మంటల మీద వాడితే, టన్నుల కొద్దీ బరువు కొద్ది సెకన్లలో దిగిపోతుంది, ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది, అదే క్షణాన మంట గాలి రెక్కలను కుదిపేస్తుంది, ఆ వెంటనే కొండను తప్పించుకోవడానికి పైలట్ బలంగా పైకి లాగుతాడు. ఇది రోజుకు పలుమార్లు జరుగుతుంది. రవాణా సర్వీసులో ఎన్నో ఏళ్లకు పట్టే అలసట ఇక్కడ చాలా త్వరగా చేరుతుంది. రెండేళ్ల తరువాత, 2004 మేలో, అమెరికా ప్రభుత్వం 33 పెద్ద విమానాల కాంట్రాక్టులను రద్దు చేసింది. యుద్ధకాలపు మిగులు విమానాలతో చవకగా పని గడుపుకునే పద్ధతి అంతటితో సడలి, క్రమంగా జెట్ విమానాలను మార్చి వాడడం మొదలైంది. ఆ నిర్ణయానికి రెండు ప్రమాదాలు జరిగే దాకా ఆగవలసిన అవసరం లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: నీటిని తాకుతూ పోయి పొట్ట నింపుకునే విమానాలు ఉన్నాయట కదా. మన దగ్గర గోదావరి ఉంది, పక్కనే పాపికొండలు ఉన్నాయి. వేసవిలో ఏజెన్సీ అడవులు అంటుకున్నప్పుడు అటువంటివి రెండు రాజమహేంద్రవరంలో పెట్టుకుంటే సరిపోదా?
— న్యాయవాది, రాజమహేంద్రవరం (ఇదే ప్రశ్న కొవ్వూరు, ధవళేశ్వరం పాఠకులూ అడిగారు)

మీరు చెబుతున్నది కెనడాలో తయారైన సి.ఎల్.-415 విమానం. నీటి మీద పరుగు తీస్తూ పన్నెండు సెకన్లలో సుమారు 6,100 లీటర్లు నింపుకుంటుంది. మధ్యధరా తీర దేశాల్లో దీన్ని విరివిగా వాడతారు. గోదావరిని చూస్తే ఈ ఆలోచన ఎవరికైనా వస్తుంది, కాని కాగితం మీద వేసుకుని చూస్తే అంత తేలిక కాదు.

మొదట నీటి సంగతి. దిగడం, నింపుకోవడం, లేవడం అన్నీ కలిపి కిలోమీటరుకు పైగా తిన్నని, అడ్డంకులు లేని నీటి బాట కావాలి. అడుగున ఇసుక తగలనంత లోతు భరోసాగా ఉండాలి. ఆనకట్టకు ఎగువన నది కిలోమీటర్ల వెడల్పున ఉన్నమాట నిజమే, కాని అడవి కాలేది ఫిబ్రవరి నుంచి మే వరకు. సరిగ్గా అప్పుడే ఇసుక మేటలు బయటపడి, పాయలు సన్నబడి ఉంటాయి. రాజమహేంద్రవరం దగ్గర హేవలాక్ వంతెన మొదలు నాలుగో వంతెన దాకా వరుసగా వంతెనలున్నాయి. నది దాటే హైటెన్షన్ తీగలు, చేపల వలలు, పడవలు, రేవుల్లో స్నానాలు చేసే జనం ఉన్నారు. గంటకు నూట ముప్పై కిలోమీటర్ల వేగంతో నీటిని ఒరుసుకుపోయే విమానానికి కొట్టుకొచ్చిన ఒక దుంగ చాలు. ఈ అన్నిటిలోనూ తీగలే ఎక్కువ భయంకరం, ఎందుకంటే పైనుంచి చూసేవారికి స్తంభాలు కనబడతాయి కాని తీగ కనబడదు.

రెండోది కొండల ఇరుకు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 30 డిగ్రీలు ఒరిగి వెనుదిరగాలంటే కిలోమీటరుకు పైగా వెడల్పు కావాలి. పాపికొండల ఇరుకులో గోదావరి చాలాచోట్ల కొన్ని వందల మీటర్లకు మించి ఉండదు, రెండు వైపులా కొండలు నిలువుగా లేస్తాయి. మరింత ఒరిగి బిగువుగా తిరగవచ్చు కదా అంటారేమో. 60 డిగ్రీలు ఒరిగితే రెక్కల మీద పడే భారం రెట్టింపవుతుంది, గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం నూటికి 41 వంతులు పెరుగుతుంది. నీటితో నిండిన విమానానికి ఆ వేగం ఉండదు. 2023 జులై 25న గ్రీసు దేశపు ఎవియా దీవిలో ఇదే కుటుంబానికి చెందిన సి.ఎల్.-215 విమానం నీరు వదిలిన వెంటనే రెక్క కొస చెట్టుకు తగిలి, మలుపు తీసుకోబోయి కొండవాలులో పడింది. ఇద్దరు పైలట్లూ మరణించారు. అంతకు తొమ్మిది నెలల ముందు, 2022 అక్టోబరులో, ఇటలీలో ఎట్నా పర్వతపు వాలు మీద సి.ఎల్.-415 కూలి ఇద్దరు పోయారు. ఈ రెండు దేశాలకూ ఈ పనిలో దశాబ్దాల అనుభవం ఉంది.

మూడోది మన అడవి స్వభావం. అదే అసలు విషయమని మేము అనుకుంటున్నాము. కాలిఫోర్నియాలో, గ్రీసులో మంట పొదల మీదుగా, చెట్ల తలల మీదుగా పరుగెడుతుంది. పాపికొండ జాతీయ వనం 1,012 చదరపు కిలోమీటర్లలో ఉంది. అక్కడా, రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల్లోనూ ఎక్కువగా కాలేది నేల మీద రాలిన ఆకు. ఇప్పపువ్వు ఏరుకోవడానికని, తునికాకు చిగురు కోసమని, పోడు కోసమని పెట్టిన నిప్పు, ఆరకుండా పారేసిన బీడీ, ఇవే చాలావరకు మూలం. ఆ మంట నడుము ఎత్తుకు మించకుండా మెల్లగా పాకుతుంది. పైనుంచి పోసిన నీటిలో మంచి భాగాన్ని కొమ్మలే పట్టేస్తాయి. ఇక్కడ పచ్చికొమ్మలతో కొట్టి, ఆకులు ఊదే యంత్రాలతో చెత్త తొలగించి మంటను ఆపగలిగే పదిమంది ఫైర్ వాచర్లు, వేసవికి ముందే శుభ్రం చేసిన ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఆకు తీసేసిన ఖాళీ పట్టీలు), భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా గుర్తించి ఫోన్లకు పంపే హెచ్చరికలు చేసే పని ఏ విమానమూ చేయలేదు. మనుషులు ఎక్కలేని నిటారు గట్టు మీద, లేదా మంట జనావాసానికి ముంచుకొచ్చినప్పుడు హెలికాప్టర్ అవసరమే. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో మంటలు తిరుమల వైపు వచ్చినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను పిలిచింది అందుకే. అలాగే 2021 జనవరిలో నాగాలాండ్, మణిపూర్ సరిహద్దులోని జూకో లోయలో కాలినడకన చేరడం కష్టమైన చోట బకెట్టుతో నీరు పోశారు. అటువంటి సందర్భానికి ముందే వాడదగిన చెరువులు, తీగలున్న చోట్లు గుర్తించి పటం గీసి ఉంచుకోవడం మాత్రం రెండు విమానాలు కొనడం కన్నా చాలా చవక.

ప్రశ్న: విమానాలు చల్లే ఆ ఎర్రని ద్రవం ఏమిటి? అది మీద పడితే మనిషికి ప్రమాదమా?
— వరి రైతు, కొత్తపేట

మీరు పొలంలో వేసే డి.ఎ.పి. కుటుంబానికి చెందినదే. అందులో ప్రధానమైనది అమ్మోనియం ఫాస్ఫేట్. అది ఆకును, కట్టెను మండకుండా బొగ్గుగా మార్చి మంటను ఆపుతుంది. ఎక్కడ పడిందో పైనుంచి కనబడడానికి ఇనుప ఆక్సైడు రంగు కలుపుతారు. ఎరువే కనుక చర్మానికి పెద్ద హాని లేదు, చేపలకు మాత్రం హాని ఉంది. అందుకే అమెరికాలో వాగులకు, చెరువులకు 300 అడుగుల లోపు చల్లరాదని నియమం.

మనిషికి ప్రమాదం దాని బరువు వల్ల. తగిన ఎత్తు నుంచి వదిలితే ద్రవం ముందుకు పోయే వేగాన్ని గాల్లోనే పోగొట్టుకుని నిలువుగా కురుస్తుంది. మరీ కింద నుంచి వదిలితే విమానం వేగంతోనే దూసుకొచ్చి కొడుతుంది. 2018 ఆగస్టు 13న కాలిఫోర్నియాలోని మెండొసీనో కార్చిచ్చు మీద బోయింగ్ 747 విమానం సుమారు 75 వేల లీటర్ల ద్రవాన్ని వదిలింది. ముందున్న నేల ఎత్తు పెరుగుతున్న సంగతి చెట్ల గుబురు వల్ల పైవారికి తెలియలేదు. 250 అడుగులు ఉండవలసిన విమానం చెట్ల కొసలకు సుమారు 100 అడుగుల పైన ఉంది. ఆ తాకిడికి 87 అడుగుల చెట్టు వేళ్లతో సహా పెకలి పడి ఒక అగ్నిమాపక అధికారి చనిపోయాడు, మరో ముగ్గురు గాయపడ్డారు. కొండల్లో ఎత్తును తప్పుగా అంచనా వేయడం ఎంత సులభమో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

ప్రశ్న: పెళ్లి వీడియోల కోసం డ్రోన్ ఎగరేస్తాను. మంటల దగ్గర డ్రోన్ ఎగరేస్తే విమానాలు ఆపేస్తారట. అరకిలో వస్తువు అంత పెద్ద విమానాన్ని ఏం చేస్తుంది?
— వీడియోగ్రాఫర్, కాకినాడ

2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్ మంటల మీద పనిచేస్తున్న సి.ఎల్.-415 రెక్కకు ఒక చిన్న డ్రోన్ తగిలి రంధ్రం పడింది. విమానం క్షేమంగా దిగినా, దాన్ని మరమ్మతు చేసే దాకా కొన్ని రోజులు పనికి దూరమైంది. హెలికాప్టర్ తోక రెక్కకు తగిలి ఉంటే కథ వేరుగా ఉండేది. మంట కనబడితే డ్రోన్‌ను పెట్టెలోంచి తీయకండి.

ప్రశ్న: మా అబ్బాయి హెలికాప్టర్ పైలట్ శిక్షణలో ఉన్నాడు. అటువంటి పనికి పొమ్మన్నప్పుడు “వాతావరణం బాగాలేదు, నేను వెళ్లను” అనే హక్కు పైలట్‌కు ఉంటుందా? అంటే ఎవరైనా వింటారా?
— గృహిణి, ఆత్రేయపురం

అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా లోతైన ప్రశ్న మీది. హక్కు ఉంటుంది. విమానం విషయంలో తుది నిర్ణయం కమాండర్ పైలట్‌దే అన్నది ప్రపంచమంతటా అంగీకరించిన నియమం. కాని హక్కు ఉండడం వేరు, దాన్ని వాడుకోగలిగే పరిస్థితి ఉండడం వేరు. కింద ఇళ్లు కాలుతుంటే, ఊరివారు ఆకాశం వైపు చూస్తుంటే, రానని చెప్పడానికి చాలా నిబ్బరం కావాలి. తీరా ఒకరు కాదన్నాక ఆ సంగతి రెండోవారికి చేరకపోతే మొదటివారి వివేకం కూడా వృథా అవుతుంది.

2020 జనవరి 23న ఆస్ట్రేలియాలో జరిగినది అదే. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు కొండల్లో గాలి ఉధృతంగా ఉన్న ఆ రోజు, అడమినబీ దగ్గరి మంటల మీదికి సి-130 విమానాన్ని పంపాలని నిర్ణయించారు. మామూలుగా ముందు పోయి దారి, గాలి చూసే చిన్న విమానపు పైలట్ ఆ పరిస్థితుల్లో ఎగరలేనని నిరాకరించాడు. అయినా పెద్ద విమానం ఒంటరిగా వెళ్లింది. అడమినబీ చేరాక దాని సిబ్బంది కూడా అక్కడ ద్రవం వదలడం సాధ్యం కాదని తేల్చుకున్నారు. అప్పుడు వారిని పీక్ వ్యూ అనే ఊరి దగ్గరి మరో మంట మీదికి మళ్లించారు. అక్కడ కొంత ద్రవం వదిలి, ఎడమ వైపు తిరిగి పైకి లేస్తుండగా వెనుకగాలి ఒక్కసారిగా పెరిగి, కిందికి లాగే ప్రవాహం కూడా తోడై, వేగం పడిపోయి విమానం కూలింది. ముగ్గురు అమెరికన్ సిబ్బందీ మరణించారు. మిగిలిన ద్రవం ఇంకా ట్యాంకులోనే ఉంది.

ఆ దేశపు రవాణా భద్రతా సంస్థ 2022లో ఇచ్చిన నివేదికలో గాలి పాత్ర ఎంత ఉందో, యంత్రాంగపు పాత్ర కూడా అంతే స్పష్టంగా కనబడుతుంది. పెద్ద విమానాలను పర్యవేక్షక విమానం లేకుండా పంపవలసి వచ్చినప్పుడు ఏం చేయాలో అక్కడి అగ్నిమాపక సంస్థకు విధివిధానాలు లేవు. ఒక పైలట్ నిరాకరిస్తే ఆ సంగతిని ఎలా నమోదు చేయాలో, తక్కినవారికి ఎలా తెలపాలో కూడా నియమం లేదు.

అమెరికాలో అడవి మంటల సిబ్బంది జేబులో పెట్టుకునే చేతిపుస్తకంలో దీనికి ఒక పద్ధతి రాసి ఉంది. సురక్షితం కాదనుకున్న పనిని ఎవరైనా కారణం చెప్పి తిరస్కరించవచ్చు. అధికారి అదే పనిని మరొకరికి అప్పగించదలిస్తే, దీనిని ఇదివరకే ఒకరు కాదన్నారని, ఏ కారణంతో కాదన్నారో కూడా వారికి చెప్పి తీరాలి. మీ అబ్బాయి ఏ సంస్థలో చేరబోతున్నా, అక్కడ ఇటువంటి నియమం రాతలో ఉందో లేదో చేరకముందే అడిగి తెలుసుకోమనండి.